రంగు గడి

పెళ్ళిసంబంధాల భాషలో నలుపు అన్న మాటకు చోటు లేదు, గమనించారా? తెల్లని పిల్లను పసిమి ఛాయ అంటాం. ఒక పిసరు తగ్గితే గోధుమ వన్నె. ఇంకా తగ్గితే చామనఛాయ. అక్కడితో మన నిఘంటువు పూర్తి! ఎండకు పేరుపడ్డ మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు కూడా బయోడేటాలు తిరగేస్తే పిల్లలంతా చామనఛాయే. మరి బస్టాండులో, సంతలో, పత్తి మార్కెట్టులో కళకళలాడుతూ కనిపించే ఆ నల్లని చక్కని ఆడపిల్లలంతా ఎవరింటి పిల్లలో!

ఇదివరకు ఈ రంగుల లెక్క పెళ్ళిళ్ళ పేరయ్య నాలుక మీద ఉండేది. ఇప్పుడు ఫోనులోకి ఎక్కింది. పేరయ్య పోయాడు, యాప్ వచ్చింది, పిల్లలకు స్వేచ్ఛ వచ్చిందని మనం సంబరపడ్డాం. నిజంగా వచ్చిందా?

నాకు తెలిసిన అమ్మాయి ఒకతె ఉంది. ఎమ్మిగనూరులో పుట్టి, ఆదోనిలో చదివి, బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. తెలివైన పిల్ల, నవ్వితే ఇల్లంతా వెలుగు. రంగు నలుపు. చామనఛాయ కాదండీ, నలుపే. మొన్నామధ్య వచ్చినప్పుడు అడిగింది: "పెండ్లి సైట్లో పెడితే మా అమ్మ ఫోటోను తెల్లగా దిద్దిస్తాది. డేటింగ్ యాప్‌లో నా ఫోటో ఉన్నదున్నట్టు పెడితే చూసీ చూడకనే పక్కకు తోసేస్తారు. నేను యాడ పెట్టుకోవాల అత్తా?"

ఈ ప్రశ్న ఆ పిల్ల ఒక్కదానిదే కాదు. అమెరికాలో నల్లజాతి ఆడపిల్లలు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నదే. ఓకేక్యుపిడ్ అనే డేటింగ్ సంస్థ తన సభ్యుల ఉత్తర ప్రత్యుత్తరాలను లెక్క వేసి 2009లో బయటపెట్టింది. ఆడవాళ్ళలో అందరికంటే తక్కువ జవాబులు వచ్చింది నల్లజాతి స్త్రీలకు. 2014లో మళ్ళీ చూస్తే పరిస్థితి పెద్దగా మారలేదు. ఎవరినైనా అడిగి చూడండి, "నాకు అలాంటి భేదాలు లేవు" అనే చెబుతారు. వేలు మాత్రం దాని పని అది చేసుకుపోతుంది. అక్కడ నల్లజాతి వాళ్ళ కోసమే 2017లో బి.ఎల్.కె. అనే యాప్ వేరే పెట్టారు. కొందరికి అది ఊరట.

మన పిల్లలకూ అలాంటిది ఒకటి పెడితే సరి అంటారేమో. కుదరదమ్మా. అక్కడ నలుపు ఒక జాతి పేరు, ఒక చరిత్ర. వాళ్ళ కష్టమూ మన కష్టమూ ఒకటేనని నేను అనను. ఇక్కడ నలుపు ఒకే కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళ మధ్య ఉంటుంది. పెద్దది అమ్మ పోలిక, చిన్నది నాన్న పోలిక. చిన్నదానికి వేరే యాప్ పెడతామా? ఈ తగువు తీర్చుకోవలసింది ఇంట్లోనే.

ఆ మాట ఎందుకంటున్నానో వినండి. షాదీ డాట్ కామ్‌లో సంబంధాలు వెతికేవాళ్ళు రంగును బట్టి జల్లెడ పట్టుకునే వీలు ఒకటి ఉండేది. 2020 జూన్‌లో, అమెరికాలో నల్లజాతి వారి ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో, ఒకమ్మాయి దాన్ని చూసి ఇదేమిటని సంస్థను నిలదీసింది. చాలామంది తల్లిదండ్రులు అడిగేదేనని జవాబు వచ్చిందట. అప్పుడు డల్లాస్‌లో ఉండే హేతల్ లఖాని సంతకాల సేకరణ మొదలుపెట్టింది. పద్నాలుగు గంటల్లో 1,500కు పైగా సంతకాలు! ఆ జల్లెడ అసలు పనిచేయడమే లేదనీ, తీసేయడం మరిచిపోయిన పాత సరుకనీ సంస్థ చెప్పి తీసేసింది.

చూశారా, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు పూనుకుంటే అంత పెద్ద వ్యాపారం ఒక్క పూటలో దిగివచ్చింది. ఐతే ఆ మొదటి జవాబును మాత్రం నేను మరిచిపోలేను. తల్లిదండ్రులు అడుగుతారు! యాప్ గడి తీసేసింది సరే, మనం తీశామా? ఫోటో రాగానే "పిల్ల బాగుండాది గానీ, రంగు కొంచెం..." అని సాగదీసేది ఎవరు? అబ్బాయి తండ్రి పొలాలు, ఉద్యోగం అడుగుతాడు. రంగు సంగతి ఆరా తీసేది చాలాసార్లు ఆడవాళ్ళమే. అత్తగారిగా మనమే, ఆడబిడ్డగా మనమే. చివరకు కన్నతల్లిగా స్టూడియోవాడికి "ముఖం కొంచెం తెల్లగా చేయి నాయనా" అని చెప్పేదీ మనమే!

"అబ్బాయి ఇష్టం వాడిది, దానికీ మేమే బాధ్యులమా?" అని మీరు అడగవచ్చు. నిజమే, ఇష్టాన్ని బలవంతపెట్టకూడదు. కాని ఆ ఇష్టం వాడికి ఉగ్గుపాలతో పోసిందెవరు? ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో బజారులోకి వచ్చింది. ముఖం తెల్లబడితే ఉద్యోగమూ వస్తుంది, మొగుడూ వస్తాడని దశాబ్దాల తరబడి ప్రకటనల్లో కథలు చెప్పింది. 2020లో పేరులోని ఫెయిర్‌ను తీసేసి గ్లో అని పెట్టారు. పేరు మార్చుకుంది గాని, ఆ కథలు వింటూ పెరిగిన పిల్లవాడి కన్ను మారుతుందా? మనిషితో మాటైనా కలపకముందే, ఫోటో మీద వేలు పెట్టి తోసేసేదాన్ని ఇష్టం అనడం నాకు చేతకాదు.

"పిల్ల మంచికే కదా కొంచెం తెల్లగా చూపిస్తున్నాం" అనే తల్లులూ ఉన్నారు. వాళ్ళ కడుపుకోత నాకు తెలుసు. రంగు తక్కువన్న సాకుతో కట్నం పెంచే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. కట్నాన్ని నిషేధిస్తూ 1961లోనే చట్టం వచ్చినా నలుపు మీద ఈ జరిమానా ఆగలేదు. కాని దిద్దిన ఫోటో చూసి వచ్చినవాళ్ళు పెళ్ళిచూపుల్లో అసలు పిల్లను చూసి మొహాలు చూసుకుంటారే, ఆ క్షణం తలదించుకునేది ఎవరు? ఫోటో దిద్దినవాడు కాదు, దిద్దించిన తల్లీ కాదు. కాఫీ కప్పులు పట్టుకుని నిలబడ్డ పిల్ల. "నువ్వున్నట్టుగా నువ్వు చాలవు" అని ఆ పిల్లకు మొట్టమొదట చెప్పింది మనమే అవుతాం. పెళ్ళి కుదరదన్న భయంతో చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీములు కొని పూసుకుని చర్మం పాడుచేసుకునే పిల్లలు కూడా ఈ మాట విన్నవాళ్ళే.

విజయవాడ దంపతుల బిడ్డ నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికాగా గెలిచింది. మన తెలుగు పిల్ల అని పొంగిపోయాం. అదే సమయంలో, ఈ రంగుతో ఇక్కడి అందాల పోటీలో నెగ్గేదేనా అన్న చర్చా నడిచింది. ఆ చర్చకు సిగ్గుపడవలసింది ఎవరో చెప్పాలా?

మాది నల్లరేగడి నేల. ఆ నలుపు చూసే రైతు మురిసిపోతాడు. ఆదోని మార్కెట్టులో పత్తి కొనే వ్యాపారి తెల్లగా ఉంది కదా అని బేరం ముగించడు, దూది చేత్తో లాగి పింజ పొడవు చూస్తాడు, తేమ చూస్తాడు. ఎమ్మిగనూరు చీర కొనేటప్పుడు మీరు మాత్రం? నేత గట్టిదా కాదా అని వేళ్ళతో తడిమి చూడరూ? చీరకూ పత్తికీ చూపించే వివేకం పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకమ్మా మాయమవుతుంది?

ఇక ఆ అమ్మాయికి నేను చెప్పిన మాట. ఏ యాప్ అయినా సరే, ముందు నువ్వు దాన్ని పరీక్ష చేయి. ఒంటి రంగు అడిగే యాప్ అయితే అక్కడే వదిలెయ్. పగటి వెలుగులో తీసిన ఫోటో పెట్టు, దిద్దవద్దు. తోసేసేవాళ్ళు తోసేయనీ, పెళ్ళయ్యాక తెలిసేది ముందే తెలిసింది, లాభమే. రంగు మీద వెకిలి మాట రాసినవాడి మీద ఫిర్యాదు చేసి, వాడికి మళ్ళీ కనపడకుండా చేసుకునే వీలుందో లేదో చూసుకో. డబ్బు కట్టేది నువ్వయితే అక్కడ నువ్వు సరుకువి కావు, కొనుగోలుదారువి.

తల్లులకు చెప్పేది ఇంకా చిన్నది. ఈసారి బయోడేటా రాసేటప్పుడు రంగు అన్న వరుస కొట్టేయండి. చామనఛాయ అని కూడా రాయవద్దు. అవతలివాళ్ళు ఫోను చేసి "పిల్ల రంగెట్లుంటాదమ్మా?" అని అడిగితే, "మా పిల్ల నలుపు వదినా, మరి మీ పిల్లోని గుణమెట్లుంటాది?" అని తిరిగి అడగండి. ఆ ప్రశ్నకు ఫోను పెట్టేసే ఇల్లు మన పిల్లకు వద్దే వద్దు.