సుస్తీని మందు ఖాతాలో రాసేస్తే సరిపోదు

బరువు తగ్గే సూది మొదలుపెట్టినవాళ్లు "పానం సుస్తుగుంటంది" అంటే కరీంనగర్‌లోనైనా, మంచిర్యాలలోనైనా వచ్చే జవాబు ఒక్కటే: "కొవ్వు కరుగుతుంటే సుస్తీ ఉండదా? మందు పనిచేస్తున్నట్టే, ఓర్చుకో." మెడికల్ షాపు కౌంటర్ మీదా, పొద్దున వాకింగ్ చేసే దోస్తుల మధ్యా ఇదే మాట. కొందరు డాక్టర్లు కూడా ఇదే చెప్పి పంపిస్తారు. ఇది తప్పుడు ఓదార్పు. సుస్తీ ఎంత ఎక్కువైతే కొవ్వు అంత కరుగుతున్నట్టని చెప్పే లెక్క ఏదీ లేదు.

సుస్తీ అసలు ఉండదని నేను అనడం లేదు. సెమాగ్లూటైడ్‌ను వెగోవి పేరుతో అమ్మే కంపెనీ తన లేబుల్ మీదే రాసింది: సూది వేసుకున్న పెద్దవాళ్లలో 11 శాతం మందికి అలసట, ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్లలో 5 శాతం మందికి. అంటే మందు తీసుకోకపోయినా కొందరు అలసిపోతూనే ఉన్నారు. "చూశారా, ఎంత చిన్న సంగతో" అని దీన్నే చూపిస్తారు. నాకు ఇందులో కనిపించేది వేరు: ఆ సుస్తీకి కారణం మందే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, వెతికితే తప్ప తెలియదు. మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అలాంటి ఆడమనిషి సుస్తీ అంటే, హిమోగ్లోబిన్ చూడకుండా "సూది వల్లే" అనడం వైద్యమా?

ఇంకో లెక్క ఉంది. ఈ మందుల పేరు మోగించిన ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్ల సగటు బరువు 105 కిలోల దగ్గర. మన ఒంటి తీరు అది కాదు. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో 'లాన్సెట్' పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్లకు కండ మొదట్నుంచే తక్కువ. పైగా ఈ సూదులతో తగ్గేదంతా కొవ్వే కాదు. సెమాగ్లూటైడ్ ప్రయోగంలో కొంతమందికి స్కాన్ తీసి చూస్తే, తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కానిదే, అందులో కండ కూడా ఉంది. తక్కువ కండ ఉన్నవాళ్లకు అది కూడా తరిగితే మెట్లెక్కడానికే కాళ్లు గుంజుతాయి. దాన్ని "మందు పని చేసుడు" అందామా?

ఆకలి చచ్చినప్పుడు కంచంలోంచి ముందు పోయేదేమిటో చూడండి. నాలుగు ముద్దల అన్నం, తొక్కు, ఇంత మజ్జిగ మిగులుతాయి. పప్పు, గుడ్డు, కూర పోతాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలంటుంది. 80 కిలోల మనిషికి 66 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములే. నాలుగు ముద్దలతో ఆ లెక్క ఎక్కడ తేలుతుంది? నీళ్లు తాగడం కూడా తగ్గితే, వాంతులు, విరేచనాలు తోడైతే, రామగుండం ఎండల్లో ఒళ్లు ఎండిపోవడానికి రెండు రోజులు చాలు. ఆదిలాబాద్ ఏజెన్సీలో సికిల్ సెల్ జబ్బు ఉన్న అమ్మాయి టీచరై, పట్నంలో ఈ సూది మొదలుపెట్టిందనుకోండి. ఆమెకు ఒంట్లో నీరు తగ్గడమంటే నొప్పుల దాడికి దారి తీసినట్టే.

అన్నిటికంటే ప్రమాదకరమైన సుస్తీ గోలీల సంచిలో ఉంటుంది. షుగరుకు గ్లిమెపిరైడ్ వాడే మనిషికి ఈ సూది తోడైతే షుగర్ మరీ పడిపోవచ్చు. అందుకే పాత గోలీ డోసు తగ్గించే ఆలోచన చేయమని లేబుల్ మీదే ఉంది. బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా తగ్గుతుంది, నిరుడు రాసిన బీపీ గోలీ ఈ ఏడు ఎక్కువైపోతుంది. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ మింగినవాళ్లకు బీ12 తగ్గి నీరసం రావడం కొత్త సంగతి కాదు. ఈ మూడింటికీ పైకి కనిపించేది ఒకే సుస్తీ. ఓర్చుకొమ్మనడం మూడింటికీ తప్పు మందు.

"ప్రపంచమంతా వాడుతోంది, ప్రయోగాల్లో నిగ్గు తేలింది" అనేవాళ్లు ఆ సెమాగ్లూటైడ్ ప్రయోగం ఎట్లా జరిగిందో చెప్పరు. అందులో ప్రతివాళ్లకూ నాలుగు వారాలకోసారి తిండి మీదా, వ్యాయామం మీదా సలహా చెప్పే మనిషి ఉన్నాడు. డోసు పడకపోతే పెంచడం నాలుగు వారాలు ఆపొచ్చని లేబుల్ చెబుతుంది. మన దగ్గర ఆ సలహా చెప్పే మనిషిని తీసేసి, సూదిని మాత్రం ఉంచారు. 2025 మార్చిలో మౌంజారో అనే ఇంకో బరువు తగ్గే సూది మన దేశానికి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సూది 3,500 రూపాయలు, అదీ వారానికి. అప్పుడది డబ్బున్నవాళ్ల ముచ్చట. 2026 మార్చిలో సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు తీరడంతో దేశీ కంపెనీలకు దారి తెరుచుకుంది. చవక సూది రేపు సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పన్నెండు గంటలు నిలబడే మనిషి చేతికీ రావచ్చు. ఏసీ గదిలో కూర్చునేవాడికి సుస్తీ అంటే ఒక కునుకు. మగ్గం ముందు నిలబడేవాడికి అది కూలీలో కోత, బొగ్గుబాయిలో షిఫ్ట్ దిగేవాడికి ప్రాణాపాయం.

కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో 2021 నుంచి తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాలు నడుస్తున్నాయి. సర్కారు దవాఖానాలో నమూనా ఇస్తే రక్తం, థైరాయిడ్, షుగర్ పరీక్షలకు పైసా అడగరు. డోసు పెంచే చీటీ రాసే ముందు ఆ కాగితం చూపించమని అడగడానికి ఎవరికి ఏమి అడ్డం?