214 కోట్ల దగ్గర గోడ

పక్క ఫ్లాట్‌లో ఉండే బీటెక్ తమ్ముడు మొన్న తన ప్రాజెక్టు చూపించాడు. కస్టమర్ల పేర్లు వేరు, ఊళ్లు వేరు, ఫోన్ నంబర్ మాత్రం అందరిదీ ఒకటే: 2147483647. "అన్నా, ఎవరో హ్యాక్ చేశారు" అన్నాడు. ఎవరూ చేయలేదు. ఫోన్ నంబర్‌ని 'ఇంట్' కాలమ్‌లో పెట్టాడు, అంతే. ఆ గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య అదే. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి కాబట్టి అన్నీ దాన్ని దాటేస్తాయి. స్ట్రిక్ట్ మోడ్ ఆఫ్‌లో ఉంటే మైఎస్‌క్యూఎల్ వాటన్నిటినీ అక్కడికే కుదించేస్తుంది.

ఎందుకు సరిగ్గా అదే? 32 బిట్లలో ఒకటి ప్లస్సా మైనస్సా చెప్పడానికి పోతుంది. మిగతా 31లోనూ 1 పెడితే వచ్చేది ఇదే. అంటే 31 రెళ్లను గుణించి, అందులోంచి ఒకటి తీసేయడం. 2014లో గంగ్నమ్ స్టైల్ వ్యూస్ దీన్ని దాటినప్పుడు యూట్యూబ్ కౌంటర్ కూడా 64 బిట్లకు మారాల్సి వచ్చింది.

నాకు మాత్రం దీని పాత కథే ఇష్టం. ఇది ప్రధాన సంఖ్య అని 1772లో ఆయిలర్ నిరూపించాడు. అప్పటికి ఆయనకి చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే దీని వర్గమూలం, అంటే సుమారు 46,341 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. నాలుగు వేలకు పైనే ఉంటాయి! ఆయన ఒక కిటుకు పట్టాడు. దీనికి కారణాంకం అంటూ ఉంటే, దాన్ని 248తో భాగిస్తే శేషం 1 గానీ 63 గానీ రావాలి. దాంతో 372 భాగహారాలే మిగిలాయి. చేశాడు. ఏదీ పోలేదు.

దీన్ని 30 రెళ్ల లబ్ధంతో గుణిస్తే 2305843008139952128. ఇది 6, 28ల్లాగే పరిపూర్ణ సంఖ్య. తనను వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే మళ్లీ తనే వస్తుంది. ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్య ఎప్పటికీ దొరకదనీ, ఇవి వింతలే తప్ప పనికొచ్చేవి కావు గనక ఎవరూ వెతకరనీ 1811లో పీటర్ బార్లో రాశాడు. పాపం, ఆయన స్మార్ట్‌ఫోన్ చూడలేదుగా!

అయితే కంప్యూటర్ వాళ్లేమీ ప్రధాన సంఖ్య కావాలని ఏరుకోలేదు, 31 అలా కలిసొచ్చింది. 64 బిట్ల గడికి ఆ అదృష్టం లేదు. దాని గరిష్ఠం 9223372036854775807ని 7తో భాగిస్తే శేషం సున్నా. 63 రెళ్లు కదా, మూడేసి చొప్పున విడిపోతాయి.

ఈ గోడ ఇంకా ఒకచోట ఉంది. చాలా సిస్టమ్‌లు టైమ్‌ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. 32 బిట్లలో ఆ లెక్క నిండేది 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి. తర్వాతి సెకనుకి తేదీ 1901 డిసెంబరుకి పడిపోతుంది. 64 బిట్లలో లెక్కపెట్టే కొత్త ఫోన్లకి భయం లేదు. ఒకసారి బిగించాక ఇరవై ఏళ్లు ఎవరూ ముట్టుకోని యంత్రాల లోపలి చిన్న చిప్‌లు ఉంటాయి చూడండి, వాటినే ముందుగా వెతికి మార్చాలి.