ఈ జట్టుకు సమయం ఇవ్వండి, మన ఆడపిల్లలకు మైదానం ఇవ్వండి

హాకీ అభిమానులకు, ఆడపిల్లల తల్లిదండ్రులకు, పీఈటీ మాస్టార్లకు, రెండు తెలుగు రాష్ట్రాల క్రీడాశాఖలకు విన్నపం

భారత మహిళల హాకీ జట్టును మళ్లీ మొదటినుంచి కట్టుకోవాల్సి వచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు అర్హతే దక్కలేదు. 2025 జూన్‌లో ప్రొ లీగ్‌లో ఆఖరి స్థానంలో నిలిచి కింది అంచెకు జారిపోయింది. సెప్టెంబరులో ఆసియా కప్ ఫైనల్లో చైనా చేతిలో 1-4తో ఓడి, ప్రపంచకప్‌కు నేరుగా వెళ్లే దారి పోగొట్టుకుంది. డిసెంబరులో కోచ్ హరేంద్ర సింగ్ రాజీనామా చేశారు. 2026 జనవరిలో పాత కోచ్ షోర్డ్ మరీన్‌ను మళ్లీ పిలిపించారు. ఇన్ని దెబ్బలు తిన్నా ఈ జట్టు మీద ఆశ చావని వాళ్లం మేము. అందుకే మా చేతి డబ్బుతో ఈ కరపత్రం అచ్చువేసి పంచుతున్నాం.

మా ఆశ ఊరికే పుట్టింది కాదు. 2021 ఆగస్టు 2న టోక్యో ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాతో జరిగిన క్వార్టర్ ఫైనల్ చూసినవాళ్లు ఇప్పటికీ దాన్ని మరిచిపోలేరు. గ్రూపు దశలో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడిన జట్టు మనది, ఒక్క ఓటమీ లేని జట్టు వాళ్లది. గుర్జీత్ కౌర్ పెనాల్టీ కార్నర్‌ను గోల్‌గా మలిచింది. ఆ తర్వాత ఆస్ట్రేలియాకు కార్నర్ మీద కార్నర్ వచ్చింది. కార్నర్ ఆపడమంటే ఏమిటో దగ్గరగా చూడండి. గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే గోల్ గీత వెనక నిలబడతారు, మిగతా జట్టంతా సగం మైదానం అవతల ఉంటుంది. బంతి లోపలికి రాగానే మొహానికి మాస్కు, మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకున్న అమ్మాయి ఫ్లిక్ చేసేవాళ్ల మీదికి నేరుగా పరుగెత్తుతుంది. బంతి తనకే తగలొచ్చని తెలిసే పరుగెత్తుతుంది. ఆమెను దాటి వచ్చిన బంతిని గోల్‌కీపర్ సవిత ఆపింది. 1-0తో గెలిచి మన అమ్మాయిలు తొలిసారి ఒలింపిక్ సెమీస్ చేరారు. సెమీస్‌లో అర్జెంటీనా చేతిలో, కాంస్యం మ్యాచ్‌లో 3-4తో బ్రిటన్ చేతిలో ఓడిపోయి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నారు. అయితే అంతకు ఐదేళ్ల ముందు రియోలో ఇదే దేశం పన్నెండు జట్లలో పన్నెండోది. ఆ లెక్కన నాలుగో స్థానం చిన్నదేమీ కాదు.

ఆ మార్పు ఎలా వచ్చిందన్నదే మా వాదనకు మూలం. 2017లో మహిళల జట్టు బాధ్యత తీసుకున్న మరీన్‌ను కొద్ది నెలలకే పురుషుల జట్టుకు మార్చారు. 2018 మేలో మళ్లీ వెనక్కి పంపారు. అక్కడినుంచి టోక్యో దాకా మూడేళ్లకు పైగా ఆయన్ని కదపలేదు. ఒకే కోచ్, దాదాపు ఒకే బృందం, పరుగు మీద, తిండి మీద, నిద్ర మీద ఒకే పద్ధతి. టోక్యోలో చివరి క్వార్టర్‌లో కూడా మన అమ్మాయిల కాళ్లలో సత్తువ మిగిలి ఉండటం ఆ మూడేళ్ల ఫలితమే.

టోక్యో అయ్యాక మరీన్ వెళ్లిపోయారు. ఆయన సహాయకురాలిగా ఉన్న యానెకె షోప్‌మన్ పగ్గాలు అందుకున్నారు. ఆమె ఆటగత్తెగా నెదర్లాండ్స్‌కు ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన మనిషి. ఆమె హయాంలో కామన్వెల్త్ క్రీడల కాంస్యం, ఆసియా క్రీడల కాంస్యం వచ్చాయి. 2024 జనవరిలో రాంచీలో జరిగిన ఒలింపిక్ అర్హత పోటీలో జర్మనీతో షూటౌట్‌లో, జపాన్‌తో 0-1తో ఓడటంతో పారిస్ చేజారింది. తనకు ఇక్కడ తగిన విలువ దక్కలేదని బాహాటంగా చెప్పి మరుసటి నెలలోనే ఆమె వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన హరేంద్ర ఏడాదిన్నర పైచిలుకు ఉన్నారు. ఒక కోచ్ వస్తే పాతవాళ్లు నేర్పింది పక్కకు పోతుంది, కొత్త శిబిరం, కొత్త జాబితా, కొత్త కెప్టెన్ అంటూ మళ్లీ మొదలు. ఒక గోడ ఎత్తి, తడి ఆరకముందే కూలగొట్టి, పక్కన ఇంకో గోడ లేపుతూ పోతే ఇంటికి కప్పు ఎప్పుడు పడుతుంది?

మరీన్‌ను తిరిగి పిలవడం మంచి నిర్ణయమని మా నమ్మకం. మా భయం ఆ తర్వాత సంగతి గురించి. 2026 ఆగస్టులో నెదర్లాండ్స్, బెల్జియంలలో ప్రపంచకప్ ఉంది. అది ముగిసిన కొద్ది వారాలకే జపాన్‌లో ఆసియా క్రీడలు. అక్కడ స్వర్ణం గెలిస్తే 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు నేరుగా టికెట్టు దొరుకుతుంది. కొద్ది వారాల తేడాలో రెండు పెద్ద పరీక్షలు. వాటిలో ఏదో ఒకటి చెడితే టీవీల్లో, పేపర్లలో "కోచ్‌ను మార్చండి" అన్న కేక లేస్తుంది. ఆ కేకకు దేశ హాకీ సమాఖ్య హాకీ ఇండియా లొంగకూడదు. ఏ ఫలితం వచ్చినా లాస్ ఏంజెలెస్ ముగిసేదాకా ఇదే కోచ్, ఇదే శిక్షణ బృందం ఉంటుందని ఇప్పుడే, ఓటమి రాకముందే, లిఖితపూర్వకంగా ప్రకటించాలి. ఓడాక ఇచ్చే అభయం ఎవరూ నమ్మరు.

కోచ్‌కు సమయం ఇచ్చినంత మాత్రాన సరిపోతుందని మేము అనడం లేదు. అసలు లోటు లోతుగా ఉంది. 2025 ఆసియా కప్‌కు గాయాలతో ఇద్దరు దూరమయ్యారు: గోల్‌కీపర్ సవిత, డ్రాగ్ ఫ్లిక్ నిపుణురాలు దీపిక. ఫైనల్లో మొదటి నిమిషంలోనే నవనీత్ కౌర్ గోల్ కొట్టింది, అయినా చివరికి 1-4. అంతకుముందు ఏడాది రాజ్‌గిర్‌లో ఇదే చైనాను 1-0తో ఓడించి ఆసియా చాంపియన్స్ ట్రోఫీ గెలిచినప్పుడు ఆ ఒక్క గోల్ దీపికదే, ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువ గోల్సూ ఆమెవే. నూట నలభై కోట్ల జనం ఉన్న దేశంలో పెనాల్టీ కార్నర్ కొట్టడానికి రెండో మనిషి కోసం వెతుక్కోవాల్సిన గతి ఎందుకు పట్టింది? 2025 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లో ప్రపంచ నంబర్ వన్ నెదర్లాండ్స్‌ను షూటౌట్‌లో ఓడించిన జట్టు, జూన్‌లో యూరప్ వెళ్లి వరసగా ఎనిమిది మ్యాచ్‌లు ఎందుకు ఓడింది? పదకొండు మందిలో సత్తా ఉంది. వాళ్లు అలిసిపోతే, గాయపడితే దిగడానికి వెనక అదే సత్తా ఉన్న పదకొండు మంది లేరు.

ఆ రెండో వరస శిబిరాల్లో తయారు కాదు, జిల్లాల్లో తయారవుతుంది. ఇప్పుడు ఈ జట్టు ఏ జిల్లాల మీద నడుస్తోందో చూడండి. జార్ఖండ్‌లోని సిమ్‌డెగా నుంచి సలీమా టేటే, సంగీతా కుమారి, బ్యూటీ డుంగ్‌డుంగ్ వచ్చారు. దాన్ని ఆనుకునే ఉన్న ఒడిశాలోని సుందర్‌గఢ్ నుంచి దీప్ గ్రేస్ ఎక్కా, సునీతా లాక్రా లాంటివాళ్లు వచ్చారు. హర్యానాలో షాబాద్ అనే ఒక్క చిన్న పట్నం రాణీ రాంపాల్‌ను, నవనీత్‌ను ఇచ్చింది. సిమ్‌డెగా పల్లెల్లో పిల్లలు వెదురు కర్రలు వంచి ఆడతారు. అక్కడి ఊరి పోటీల్లో గెలిచిన జట్టుకు మేకను బహుమతిగా ఇస్తారు, ఆ రాత్రి ఊరంతా పండగ. ఒడిశా ప్రభుత్వం 2018 నుంచి భారత హాకీ జట్లకే స్పాన్సరుగా ఉంటూ, సుందర్‌గఢ్‌లో ఉన్న పదిహేడు బ్లాకుల్లోనూ కృత్రిమ టర్ఫ్ వేసే పని తలపెట్టింది. ప్రభుత్వం పట్టుదలగా నిలబడితే ఒక ఆదివాసీ జిల్లా ఏం చేయగలదో అక్కడికి వెళ్లి చూడొచ్చు.

మన దగ్గర ఆట లేదా అంటే ఉంది. మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ హైదరాబాద్ బిడ్డ. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో భారత అమ్మాయిలు స్వర్ణం గెలిచింది హైదరాబాద్‌లోనే. 2005లో తొలి ప్రీమియర్ హాకీ లీగ్ గెలిచింది హైదరాబాద్ సుల్తాన్స్. 2025 ఫిబ్రవరిలో పురుషుల హాకీ ఇండియా లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది హైదరాబాద్ తుఫాన్స్. 2023లో జాతీయ సీనియర్ మహిళల పోటీలు కాకినాడలో జరిగాయి. పూర్వపు చిత్తూరు జిల్లా ఎర్రావారిపాళెం మండలంలోని పల్లెటూరిలో, వడ్రంగి పని చేసుకునే ఇంట పుట్టిన ఇతిమరపు రజని గోల్‌కీపర్‌గా దేశానికి ఆడింది. నిజామాబాద్ అమ్మాయి యెండల సౌందర్య ఫార్వర్డ్‌గా ఆడింది. 2026 మార్చిలో ప్రపంచకప్ అర్హత పోటీ కూడా హైదరాబాద్‌కే వచ్చింది. వేదికలకు మనకు కొదవ లేదు. అయితే మహిళల హాకీ ఇండియా లీగ్‌లో ఒక్క తెలుగు నగరం పేరుతోనూ జట్టు లేదు. రజని, సౌందర్యల తర్వాత ఆ స్థాయికి వెళ్లే అమ్మాయి ఎవరని అడిగితే చటుక్కున ఒక పేరు చెప్పలేకపోతున్నాం. ఇది మనకు తలవంపు.

అందుకని మన ప్రభుత్వాలను మేము అడిగేది ఇది. గచ్చిబౌలి, కాకినాడ టర్ఫ్‌ల మీద ప్రతి ఉదయం, ప్రతి సాయంత్రం కొన్ని గంటలు బడి ఆడపిల్లలకే కేటాయించాలి, రుసుము లేకుండా. టర్ఫ్‌ను పెద్ద టోర్నమెంట్లప్పుడు మాత్రమే నీళ్లతో తడిపి వాడితే దాని మీద పెట్టిన కోట్లకు అర్థం లేదు. ప్రతి ఊళ్లో టర్ఫ్ కావాలని మేము కోరడం లేదు. పన్నెండు, పదమూడేళ్ల దాకా చదును చేసిన మట్టి మైదానం చాలు. కాకపోతే ఆ వయసు దాటాక టర్ఫ్ తప్పదు. మట్టి మీద బంతి గతుకుకు తగిలి ఎగురుతుంది, పిల్ల స్టిక్ పైకెత్తి పట్టుకుని కాచుకుంటుంది. తడి టర్ఫ్ మీద బంతి నేలను అంటుకుని జారుతుంది, నడుం పూర్తిగా వంచి, స్టిక్‌ను నేలకు ఆనించి ఆపాలి. ఈ ఒంగుడు పదిహేనేళ్లలోపు ఒంటికి అలవడకపోతే తర్వాత ఎంత నేర్పినా అరకొరే. 1976లో మాంట్రియల్‌లో ఒలింపిక్ హాకీ గడ్డి మీంచి కృత్రిమ టర్ఫ్ మీదికి మారినప్పుడు మన పురుషుల జట్టు ఏడో స్థానానికి పడిపోయింది. ఆ పాఠానికి యాభై ఏళ్లు నిండుతున్నాయి.

ఆడపిల్లల గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు మనకున్న గొప్ప వనరు. హాస్టలు ఉంది, తిండి ఉంది, పిల్లలు సాయంత్రం అక్కడే ఉంటారు, రాత్రి ఇంటికెలా వెళ్తారన్న బెంగ లేదు. మొదట జిల్లాకు ఒక బడిని ఎంచుకుని హాకీ కేంద్రంగా ప్రకటిస్తే చాలు. అక్కడ ఆట ఆడి వచ్చిన ఒక మహిళా కోచ్‌ను పెట్టండి. కాంట్రాక్టు మీద పది నెలల జీతం ఇచ్చి వేసవిలో ఇంటికి పంపేయకండి, ఏడాది పొడుగునా ఉద్యోగం ఇవ్వండి. స్టిక్కులు, షిన్‌గార్డులు ఎలాగో సమకూరుతాయి. అసలు చిక్కు గోల్‌కీపర్ కిట్‌తో. హెల్మెట్, ఛాతీ కవచం, ప్యాడ్లు, కిక్కర్లు, చేతి తొడుగులు అన్నీ కలిపితే కూలి చేసుకునే ఇంటివాళ్లు కొనగలిగే ధర కాదు. కిట్ లేని చోట గోల్‌లో నిలబడటానికి ఏ పిల్లా ముందుకు రాదు, రానూ కూడదు. ప్రతి కేంద్రానికి రెండు కిట్లు, ఒకటి చిన్న సైజుది, ప్రభుత్వమే ఇవ్వాలి. రజని లాంటి గోల్‌కీపర్‌ను ఇచ్చిన నేల మనది, ఈ మాత్రం అడిగే హక్కు మనకుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆట ఆడితే చదువు పాడవుతుందని, ఎండకు నల్లబడితే సంబంధాలు రావని మీరు భయపడతారని తెలుసు. హాకీ ఆడిన ఆడపిల్లలకు రైల్వేలో ఉద్యోగాలొచ్చాయి. ఆ జీతాలతో తమ్ముళ్లను చదివించినవాళ్లు, ఇళ్లు కట్టినవాళ్లు ఉన్నారు. ఉద్యోగం రాకపోయినా, పద్నాలుగేళ్ల వయసులో జట్టుతో రైలెక్కి వేరే రాష్ట్రం వెళ్లి ఆడి వచ్చిన పిల్ల, రేపు ఏ ఆఫీసులో అయినా, ఏ అత్తవారింట్లో అయినా తల దించుకుని నిలబడదు. మైదానం దగ్గర తోడుగా ఒక్క సాయంత్రం కూర్చోండి, మీ పిల్ల మొహం చూస్తే మీకే తెలుస్తుంది.

అభిమానులారా, మనవంతు పనీ ఉంది. జట్టు ఓడిన రాత్రి ఆటగత్తెలను తిట్టే పోస్టులు పంచకండి. టోక్యోలో సెమీస్ ఓడిన రోజు మన జట్టు క్రీడాకారిణి వందనా కటారియా ఇంటి ముందు కొందరు కులం పేరెత్తి చేసిన అవమానం ఈ దేశం చూసింది. అలాంటి మాట మన నోట రాకూడదు, మన పక్కవాడి నోట వస్తే ఊరుకోకూడదు. పంతొమ్మిదేళ్ల అమ్మాయి తొలి మ్యాచ్‌లో బంతి వదిలేస్తే, పదో మ్యాచ్ దాకా ఆగి చూద్దాం.

ఈ కాగితం చదివాక పారేయకండి. మీ మండలంలో గురుకులమో, కస్తూర్బా బడో ఉంటే అక్కడి ప్రిన్సిపాల్‌కు చూపించండి. మైదానం ఉందా, పీఈటీ పోస్టు నిండిందా కనుక్కోండి. తల్లిదండ్రుల కమిటీలో తీర్మానం చేయించి, పది సంతకాలతో జిల్లా క్రీడాధికారికి, మీ ఎమ్మెల్యేకు ఈ వేసవి సెలవుల్లోగా అందజేయండి. జూన్‌లో బడి తెరిచేనాటికి మీ జిల్లాలో ఒక్క హాకీ కేంద్రం మొదలైనా మాకు అదే పెద్ద గెలుపు.