కేజీ వీల్స్, అల్పపీడనం, నా ఫుల్ మార్కులు

ఎనిమిదో తరగతిలో ఫోర్స్ అండ్ ప్రెజర్ పాఠానికి నాకు ఫుల్ మార్కులు. ఇంటర్‌లో ఫ్లూయిడ్స్ లెక్కలు వందల్లో చేసుంటాను. అయినా పోయిన డిసెంబర్లో, సెమిస్టర్ పరీక్షలయ్యాక బాబాయి వాళ్ళ ఊరెళ్తే, ఎనిమిది చదువుతున్న చెల్లి అడిగిన ఒక్క ప్రశ్నకి నోట మాట రాలేదు.

టీవీలో బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వస్తోంది. చెల్లి ముందు సైన్సు పుస్తకం తెరిచి ఉంది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. తెలుగు పేజీ మీద వేలు పెట్టి, "అన్నయ్యా, ఈ పీడనం, ఆ అల్పపీడనం ఒకటేనా? పీడనం తక్కువైతే మంచిదే కదా, మరి వాన ఎందుకు పడుతుంది?" అంది.

నాకు ప్రెజర్ తెలుసు. అల్పపీడనం అంటే కాలేజీకి సెలవిస్తారేమో అని ఆశపడడమూ తెలుసు. ఈ రెండూ ఒకే విషయం అని పందొమ్మిదేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. తప్పు టీచర్లది అనను. వాళ్ళు బోర్డు మీద సూత్రం రాశారు, బలాన్ని వైశాల్యంతో భాగించమన్నారు, నేను భాగించాను. మార్కులు వచ్చాక ఇంకేం అడుగుతాం? నా అభిప్రాయం ఏంటంటే, స్కూల్లో ఈ పాఠం సూత్రంతో మొదలుకాకూడదు. పిల్లలు రోజూ వినే మాటతో, ఇంటి దగ్గర చూసే వస్తువుతో మొదలవ్వాలి. సూత్రం ఆఖర్న వచ్చినా ఏమీ మునిగిపోదు.

ఆ రాత్రి కూర్చుని చెల్లికి చెప్పడానికి తయారయ్యాను. గాలికి బరువుంది. సముద్రమట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలో బరువున్న గాలి నిలువునా నిలబడి ఉంటుంది. వాతావరణ శాఖ దాన్నే 1013 హెక్టాపాస్కల్స్ చుట్టుపక్కల అంకెలతో చెప్తుంది. మన అరచేతి మీద కూడా దాదాపు వంద కిలోలు ఉన్నట్టే, కాకపోతే కిందినుంచీ అంతే నొక్కుతుంది కాబట్టి మనకి తెలీదు. సముద్రం మీద ఒకచోట గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తే అక్కడ ఈ నొక్కుడు కాస్త తగ్గుతుంది. చుట్టూ ఉన్న గాలి అటు తోసుకొస్తుంది, తేమని మోసుకొస్తుంది, అదీ పైకి లేచి చల్లబడి మబ్బవుతుంది. అదే ముదిరితే వాయుగుండం, ఇంకా ముదిరితే తుఫాను. 1999లో ఒడిశాని ముంచేసిన సూపర్ సైక్లోన్ మధ్యలో పీడనం 912 హెక్టాపాస్కల్స్‌కి పడిపోయింది. మామూలు దాంట్లో పదో వంతు తగ్గిందంతే! ఆ పదో వంతుకే అంత విధ్వంసం.

ఇది చెప్తుంటే వెనకనుంచి బాబాయి, "ఒరేయ్, అంత తెలిసినోడివి, నా బండి సంగతి చెప్పు" అన్నాడు. దాళ్వాకి దమ్ము చేస్తున్న రోజులవి. ట్రాక్టరుకి కేజ్ వీల్స్ బిగించి (ఊళ్ళో అందరూ కేజీ వీల్స్ అనే అంటారు, నేనూ చాన్నాళ్ళు కిలోల లెక్క అనుకున్నాను) ఒక చేలోంచి ఇంకో చేలోకి తారురోడ్డు మీదుగా వెళ్తుంటే ఎవరో ఆపి కేకలేశారట. "బురదలోనే దిగబడని బండి, రాయిలాంటి రోడ్డుని ఎట్టా చీలుస్తుందిరా?"

నిజం చెప్పాలంటే, ఏ పుస్తకంలోనూ ఇంత మంచి ప్రశ్న చూళ్ళేదు. బండి అదే, బరువు అదే. బురదలో ఆ ఇనుప చక్రం కొంత లోపలికి దిగి, వెడల్పాటి పట్టీలన్నీ బురదని ఆనుకుంటాయి. బరువు ఎక్కువ చోట పంచుకుపోతుంది. తారురోడ్డు మీద ఒకటి రెండు పట్టీల అంచులు మాత్రమే ఆనతాయి. లెక్క కోసం బండి రెండు టన్నులనుకుందాం. బురదలో 5000 చదరపు సెంటీమీటర్లు ఆనితే ఒక్కో దాని మీద 400 గ్రాములు. రోడ్డు మీద 100 చదరపు సెంటీమీటర్లే ఆనితే ఒక్కో దాని మీద 20 కిలోలు. యాభై రెట్లు. బలం మారలేదు, పీడనం మారింది. పాఠం మొత్తం ఇదే. నేను చదివిన పుస్తకంలో దీనికి ఉదాహరణ మంచు మీద స్కీలు. మంచుని ఫ్రిజ్‌లో తప్ప చూడనివాడికి స్కీలు!

అన్నట్టు, నానమ్మ నీళ్ళబిందె కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు కూడా ఇదే లెక్క.

మాటల దగ్గరా చిక్కుంది. తెలుగులో బలం మనకి ఉండేది. పహిల్వానుకి బలం ఉంటుంది, ఉలవలు తింటే బలం వస్తుంది. ఫిజిక్సులో బలం ఎవరి దగ్గరా ఉండదు, ఒకటి ఇంకోదాన్ని తోసినప్పుడో లాగినప్పుడో ఉంటుంది. నేను గోడని ఎంత తోస్తే అదీ నన్నంత తోస్తుంది. ఈ తేడా చెప్పకుండా "బలం" అని నిర్వచనం బట్టీ పట్టిస్తే పిల్లలు పహిల్వానునే గుర్తు చేసుకుంటారు. ముందు తోయడం, లాగడం అని చెప్పి, తర్వాత బలం అనాలి. పీడనం అనే మాటని మాత్రం మార్చక్కర్లేదు. కష్టంగా ఉందని కొందరంటారు గానీ, టీవీ వార్తలు దాన్ని ఇంటింటికీ ఎప్పుడో తెచ్చిపెట్టాయి. వాడుకోనిది మనమే.

నా రూమ్మేట్ ఇది చదివి, "అన్నీ తెలుగులో చెప్తే రేపు ఈఏపీసెట్ ఎలా రాస్తార్రా?" అన్నాడు. ఇంగ్లీషు వద్దని నేను అనలేదు. ప్రెజర్ అనండి, పాస్కల్ అనండి. కానీ వాడే రోజూ మూడో అంతస్తు బాత్రూంలో "ప్రెజర్ లేదు, ఇంకా పెద్ద ట్యాంకు కట్టించాలి" అని తిడతాడు. ట్యాంకు ఎంత పెద్దది అన్నది కాదు, నీళ్ళు కుళాయి కంటే ఎంత ఎత్తులో ఉన్నాయన్నదే లెక్క. పది మీటర్ల నీళ్ళకి దాదాపు ఒక వాతావరణ పీడనం. ఎంట్రన్సులో వాడి ర్యాంకు నాకంటే మంచిది.

మన కాలేజీవాళ్ళు పక్క ఊరి బడికి పాఠాలు చెప్పడానికి వెళ్తారు కదా, ఈసారి పీపీటీలు వద్దు. పైనా కిందా చిల్లులు పెట్టిన ఒక నీళ్ళ బాటిల్, రెండు సిరంజిలు, ఒక ట్యూబు, ఒక చుట్టకుదురు చాలు. కింది చిల్లులోంచి నీళ్ళు ఎందుకు ఎక్కువ వేగంగా చిమ్ముతున్నాయో పిల్లల్నే చెప్పనిద్దాం. నేను వస్తాను.

మొన్న బాబాయి ఫోన్లోంచి చెల్లి మెసేజ్ పెట్టింది. నానమ్మ బీపీ 140 అంటే 140 ఏంటి అని. పాదరసం మట్టం ఎత్తు, మిల్లీమీటర్లలో అని రాశాను. "పీడనాన్ని ఎత్తుతో కొలుస్తారా?" అని వెంటనే ఇంకోటి వచ్చింది. మా హాస్టల్ ట్యాంకు కథ మొదటినుంచీ టైపు చేశాను.