ఎత్తు పెరిగింది, కదలిక పెరగలేదు

అరిజోనాలోని మా అబ్బాయి తన టయోటా టకోమా ట్రక్కు ముందుభాగాన్ని రెండంగుళాలు లేపించాడు. స్ప్రింగును మరింత నొక్కి బిగించారట. గుంట వచ్చినప్పుడల్లా చక్రం అందుకు తగినంత కిందికి దిగలేక ఠంగుమంటున్నది. పక్కన కూర్చున్న నా నడుమే సాక్షి. షాక్ అబ్జార్బరు పొడవు మారలేదు గనుక చక్రానికి మొత్తం కదలికా మారలేదు. బండి ఎంత లేచిందో, చక్రం కిందికి సాగే వీలు అంత తరిగింది. (‘ఎత్తు’కు పన్నాగమనే అర్థం కూడా ఉన్నదని తరగతిలో చెప్పేవాణ్ణి!) కదలిక నిజంగా పెరగాలంటే పొడవైన షాకులు, వాటికి తగిన కంట్రోల్ ఆర్ములు, ఆ వంపును భరించే ఇరుసులు కావాలి. ఖర్చు విపరీతం. అంత వెచ్చించలేనివాడు ఒక అంగుళం దించుకోవడమే మేలని నా అభిప్రాయం. మావాడు ఒప్పుకోలేదు, వచ్చే ఆదివారం మనవణ్ణి కూడా ఎక్కించుకొని కొండదారికి పోతాడట. అప్పుడు మాత్రం నేను ఊరుకోను.