చెవిలో హోరుకు సీసా మందా?



షిఫ్టు దిగినా చెవుల్లో సాంచెల హోరు ఆగడం లేదా? గింకో, జింకు బిళ్ళల సీసా కొనకండి! చెవి హోరుకు వాటిని సిఫారసు చేయవద్దని అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది.

మన దేశంలో 8 గంటల పనికి శబ్దం హద్దు 90 డెసిబెళ్ళు. షటిల్ సాంచెల షెడ్డు దాన్ని దాటుతుంది. షోలాపూర్, భివండీలలో 12 గంటల షిఫ్టులు! లోపలి చెవిలో చచ్చిన కణాలను ఏ విటమినూ మొలిపించదు. రోగం షెడ్డు ఇచ్చింది, ఖర్చు మన జేబుకా?

శబ్దంతో వచ్చే చెవుడు చట్టం ఒప్పుకున్న వృత్తి వ్యాధి. ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో, కార్డు లేకుంటే సర్కారు దవాఖానలో వినికిడి పరీక్ష చేయించుకోండి. చీటీ దాచుకోండి. చెవి బిరడాలు, ఏటేటా పరీక్ష, సాంచెల మరమ్మతు యజమాని బాధ్యత అని నిలదీయండి. ఒక్కరడిగితే విదిలిస్తాడు. షెడ్డంతా అడిగితే వినక తప్పదు!