రాయి మనది, చీటీ ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మొన్న మేం కొందరం ఆన్‌లైన్‌లో సహజ రాగి ముక్కలు అమ్మడం చూశాం. కరిగించి తీగలు చేసే ఖనిజం కాదు. భూమిలో దొరికిన రాగి దొరికినట్టే, చెట్టుకొమ్మల్లా అల్లుకుని ఉంటుంది. సేకరించేవాళ్లు అద్దాల బీరువాలో పెట్టుకుంటారు. తూకానికి రాగి ధర వేరు, ఈ ముక్క ధర వేరు. ఆ తేడా ముక్క అందం వల్ల కొంత, పక్కనున్న చిన్న చీటీ వల్ల కొంత. ఏ ఊరు, ఏ గని అన్నది అందులోనే ఉంటుంది. చీటీ పోతే విలువా పడిపోతుంది.

ఆ చీటీల్లో బాగా పేరున్న చోటు అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డు. అక్కడి ఆదివాసులు వేల ఏళ్ల కిందటే ఆ రాగిని కొట్టి సాగదీసి కత్తులు, బాణపు మొనలు చేసుకున్నారు. ఒజిబ్వే తెగ పవిత్రంగా చూసుకున్న ఆంటొనాగన్ రాగి బండ బరువు దాదాపు 1,680 కిలోలు. 1842లో లా పాయింట్ ఒప్పందంతో ఆ నేల వాళ్ల చేయి దాటింది. మరుసటి ఏడాదే బండనీ తీసుకుపోయారు. 1991లో తిరిగివ్వమని అడిగారు. అది ఇంకా స్మిత్సోనియన్ మ్యూజియం దగ్గరే ఉంది.

అరకులో రాగి గని లేదు కదా, మనకెందుకు అనుకోవద్దు. మన కొండల రాయి పేరు ఖోండలైట్. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కోందు తెగ పేరు మీద పెట్టాడు. కోణార్క్ గుడి కట్టింది ఆ రకం రాయితోనే. ఈ మాట బడిలో మనలో ఎంతమందికి చెప్పారు? పేరు మనది, పుస్తకం వాళ్లది.

అయినా మన చేతిలో ఒక ఆయుధం ఉంది. అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల పల్లెల్లో గనుల లీజుల మీద మొదలైన కేసులో 1997 జులై 11న సమతా తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు గనుల లీజుకి ఇవ్వకూడదు. ప్రభుత్వ సంస్థ గానీ గిరిజన సహకార సంఘం గానీ తవ్వొచ్చు. లాభంలో కనీసం 20 శాతం అక్కడి అభివృద్ధికే పెట్టాలి.

కానీ లారీని ఆపే తీర్పు, సంచిలో పోయే రాయిని ఆపలేదు. టూరిస్టు చేతిలో పది ఇరవై రూపాయలకి పెట్టేసిన పలుగురాయి చీటీ లేకుండానే కొండ దిగిపోతుంది. అమ్మిన పిల్లాణ్ణి మేం తప్పుపట్టం. సంతరోజు ఆ ఇరవై రూపాయల అవసరం ఏంటో మనకి తెలుసు. అందుకే వాణ్ణి తిట్టడం కాదు, దారి చూపాలి. కాఫీ సంగతి చూడండి. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి విలువ ఉందని దానర్థం.

మేం అడిగేది మూడు మాటలు. బొర్రా గుహల్లో ఒక్క ముక్క కూడా విరగ్గొట్టొద్దు, విరగ్గొట్టనివ్వొద్దు. రాళ్ల కోసం ఎవరైనా తవ్వడానికి వస్తే గ్రామసభలో నిలబడి అడుగుదాం. ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఒక అర పెట్టి, వాగులో పొలంలో దొరికిన రాళ్లకి మనమే చీటీ రాద్దాం. కొండ పేరు, వాగు పేరు, తేదీ, మన భాషలో ఆ రాయిని ఏమంటారో. జియాలజీ చదివే అన్నలు, అక్కలు సెలవులకి వచ్చినప్పుడు ఒక పూట కేటాయించండి.

చీటీ మనం రాయకపోతే ఇంకొకరు రాస్తారు. అందులో మన ఊరుండదు.